ఉర్పో కాస్కెల నలభై వరుసలు

ఉర్పో అన్నది ఒకప్పుడు ఫిన్లాండులో మర్యాదస్థుల పేరు. మా ఉర్పో వాళ్ళ తాతకు ఆ పేరుంటే ఎవరూ నవ్వలేదు. ఆ తాత మీది గౌరవంతో మనవడికీ అదే పెట్టారు. ఈలోగా ఏం జరిగిందో ఏమో, ఉర్పో అంటే 'మొద్దు' అనే తిట్టయి కూర్చుంది. రోడ్డు మీద ఎవరో ఎవరినో తిడుతుంటే మావాడు ఆగి, వెనక్కి తిరిగి, "నన్నేనా?" అన్నట్టు చూడటం నేను రెండుసార్లు కళ్ళారా చూశాను.

ఔలు పట్నంలో ఒకే ఆఫీసులో, ఒకే గదిలో, పక్కపక్క బల్లల దగ్గర మేం పదిహేడేళ్ళు కూర్చున్నాం. ఉర్పో తాటిచెట్టంత పొడుగు. ఆ పొడుగంతా ఎవరికీ అడ్డురాకూడదని కాబోలు, కాస్త వంగి నడుస్తాడు. ఒక్క మాటలో తేలిపోయే సంగతి కూడా నోటితో చెప్పడు, రాసి పెడతాడు. కాఫీ మిషను మీద, ప్రింటరు మీద, కిటికీ గొళ్ళెం మీద, ఎక్కడ చూసినా అంకెలు వేసిన ఆయన కాగితాలే.

"నీళ్ళు పొయ్యాలి అని కూడా రాయాలా ఉర్పో? అది తెలియనివాళ్ళుంటారా?" అని ఒకసారి అడిగాను.

"పోయిన మంగళవారం ఎవరో పొయ్యలేదు" అన్నాడు.

ఆ ఎవరో నేనే.

ఆయన రాసిన కాగితాల్లో ఒకటి మాత్రం ప్రపంచమంతా తిరిగింది. కంప్యూటర్‌లో మనకు కనబడే బొమ్మలూ అక్షరాలూ అన్నిటికీ అడుగున, ఇంటికి పునాది ఉన్నట్టు, కెర్నెల్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. మావాడు పనిచేసే కెర్నెల్‌ను నానా దేశాలవాళ్ళు ఈమెయిళ్ళలో పోట్లాడుకుంటూ కలిసి రాస్తారు. ఏదైనా పరికరం తగిలిస్తే దానితో మాట్లాడేది డ్రైవరు. ఆ పరికరంలో దాచిన సమాచారం ఏ అరలో ఏముందో చూసి తీసిపెట్టేది ఫైల్ సిస్టమ్. ఇరవై రెండేళ్ళ వయసులో, కాలేజీ సెలవుల్లో, ఉర్పో ఒక చిన్న కంపెనీలో చేరాడు. పాల కేంద్రాల్లో వేడీ చలీ ఎంతెంత ఉందో గంటగంటకూ ఒక కార్డు మీద రాసుకునే పెట్టెలు చేసే కంపెనీ అది. ఆయన చేరిన వేసవిలోనే అది మూతబడింది. మూతబడేలోగా ఆ కార్డును చదవటానికి ఒక డ్రైవరూ, 'హిల్ల' అనే ఫైల్ సిస్టమూ రాసి కెర్నెల్‌లో చేర్పించాడు. వాటిని ఎలా వాడాలో చెబుతూ నలభై వరుసల పత్రం కూడా రాశాడు. కోడు రాసేవాళ్ళు కోకొల్లలు. పక్కన ఆ పత్రం రాసేవాడే దొరకడు. అందుకే ఆయనకు కోడు కన్నా ఆ నలభై వరుసలంటేనే ప్రాణం.

ఇరవై ఆరేళ్ళు దాని జోలికి ఎవరూ రాలేదు. ఉర్పో కూడా వెళ్ళలేదు. అప్పుడు హెడ్విగ్ బ్రున్‌తాలర్ దగ్గర్నించి ఉత్తరం వచ్చింది.

హెడ్విగ్ జర్మనీలో ఉంటుంది. కెర్నెల్ తాలూకు పాత పత్రాలన్నీ దులిపి సర్దే పని నెత్తినేసుకుంది. జీతమూ లేదు, జాలీ లేదు. అందరూ చదివే ఈమెయిల్ జాబితాలో ఆమె రాసింది: "హిల్ల పత్రాన్ని ఇరవై ఆరేళ్ళుగా ఎవరూ ముట్టలేదు. ఇందులో చెప్పిన ఆజ్ఞల్లో మూడు ఇప్పుడు లేనే లేవు. దీన్ని వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నెలాఖరులోగా ఎవరూ పలకకపోతే పత్రమూ, డ్రైవరూ, ఫైల్ సిస్టమూ మొత్తం తీసేద్దామని ప్రతిపాదన."

ఉర్పో ముఖం చూడాలి. ఇంటి కొలతలు తీసుకోవటానికి మునిసిపాలిటీ వాళ్ళు వచ్చినట్టు అయిపోయాడు. ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పుకున్నాడట. ఆవిడ పేరు సిర్కు, నర్సు. దేనికీ కంగారు పడదు.

"దానికి ఇరవై ఆరేళ్ళొచ్చాయి. మన పిల్లలు పంతొమ్మిదికే ఇల్లు వదిలి వెళ్ళిపోయారు. దాన్ని కూడా పోనియ్యి" అందట.

ఉర్పో పోనివ్వలేదు. పది రోజులు కూర్చుని పత్రం తిరగరాశాడు. లేని ఆజ్ఞలు తీసేశాడు, కొత్తవి పెట్టాడు, తనకు తెలిసిందంతా చేర్చి పంపాడు. మర్నాటికల్లా హెడ్విగ్ నుంచి పద్నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. శీర్షిక కింద గీత శీర్షిక కన్నా ఒక అక్షరం పొట్టిగా ఉంది. పన్నెండో వరుస ఎనభై అక్షరాలు దాటింది. "'ప్రస్తుతం' అని రాశారు. ఏ ప్రస్తుతం? మీ పాత పత్రంలోనూ 'ప్రస్తుతం' అనే ఉంది."

"ఈవిడ ఎవరనుకుంటోంది?" అన్నాడు ఉర్పో. పదిహేడేళ్ళలో ఆయన నోట విన్న అతి పెద్ద కోపం అదే. ఆ తర్వాత ఆ గీతను ఒక అక్షరం పొడిగించాడు.

రెండో కూర్పు వెళ్ళింది. మూడోది వెళ్ళింది. ఐదో కూర్పుకు కామాల మీద మాటామాటా వచ్చింది. ఆరోదానికి ఆమె 'ధన్యవాదాలు' అని మొదలుపెడితే, ఉర్పో కుర్చీలోంచి లేచి నాకు చూపించాడు. ఆ ధన్యవాదాల కింద మళ్ళీ తొమ్మిది అభ్యంతరాలున్నాయి. ఏడోదానికి మాత్రం ఒక్కటే ప్రశ్న వచ్చింది:

"మూడో పేరాలో ఆకుపచ్చ దీపం ఆరేదాకా కార్డు తీయవద్దు అంటున్నారు. దీన్ని పరికరం ముందు కూర్చుని ఎవరు సరిచూశారు? ఎప్పుడు?"

ఉర్పో దగ్గరున్న ఒకే ఒక్క పెట్టెను సిర్కు పదేళ్ళ కిందట బడిపిల్లల సంతకు ఇచ్చేసింది. దాన్ని ఎవరో పూలకుండీ పెట్టుకోవటానికి కొనుక్కున్నారు.

"నేను చూశాను. తొంభై ఏడులో" అన్నాడు నాతో.

"అదే రాయి మరి."

"ఆవిడ ఒప్పుకోదు" అన్నాడు. ఆ గొంతులో భయం ఎంతో గౌరవమూ అంతే ఉంది.

సరే, ఎక్కడైనా బతికున్న పెట్టె ఒకటి పట్టుకోవాలి. మూతబడ్డ కంపెనీలో పనిచేసిన ఒక ముసలాయన ద్వారా, కుహ్మో ఊరు దాటాక అడవి పక్కనున్న ఒక జున్ను కేంద్రంలో ఇంకా ఒకటి పనిచేస్తోందని తెలిసింది. నడిపేది ఔనె తెర్వహౌత. వయసు డెబ్భై ఒకటి. పేరులో ఔను ఉందిగానీ, ఆవిడ నోట్లోంచి ఎప్పుడూ వచ్చేది కాదనే.

ఫోను చెయ్యటమంటే ఉర్పోకు గుండెదడ. ఏం మాట్లాడాలో ముందు కాగితం మీద రాసుకున్నాడు. ఆయన ఫోను చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

"నమస్కారం. నా పేరు ఉర్పో కాస్కెల. మీ దగ్గర హిల్ల పెట్టె ఉందా?"

"అమ్మను."

"కొనటానికి కాదండీ. చూడటానికి."

"చూడటానికి ఏముంది? పెట్టె అది."

తర్వాతి ప్రశ్న కాగితం మీద లేదు. ఇద్దరూ ఊరుకున్నారు. ఈ దేశంలో ఫోనులో నిశ్శబ్దం మర్యాదే గానీ, అది మర్యాద హద్దు కూడా దాటిపోయింది. చివరికి ఆవిడే అంది:

"ఏం పేరన్నావు?"

"ఉర్పో."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. "ఉర్పో కాస్కెలవా! కాగితం ఉర్పోవా నువ్వు? శనివారం రా. నీతో మాట్లాడాలి."

ఆయన ఫోను పెట్టేసి, "నేనెలా తెలుసు ఆవిడకి?" అన్నాడు. తోడు రమ్మన్నాడు. కారు నాదే కాబట్టి ఎలాగూ తప్పదు.

మార్చి నెల, మోకాలి లోతు మంచు. మూడున్నర గంటల ప్రయాణం. ఒకచోట రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ రెయిన్‌డీర్ల కోసం ఆగితే, "ఆకుపచ్చే. నాకు బాగా గుర్తు" అన్నాడు ఉర్పో, వాటికి చెబుతున్నట్టు.

ఔనె గారు పొట్టిగా, గుండ్రంగా, తలకు వల కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఉర్పోను కిందినించి పైదాకా చూడటానికి ఆవిడకు కొంచెం సమయం పట్టింది.

"ఇంత పొడుగున్నావే! మరి పైనించి చూసినా దీపం రంగు తెలియలేదా నీకు?" అంది.

ముందు కాఫీ తాగాలి, తర్వాతే మరేదైనా. వేడి కాఫీలో కాల్చిన జున్ను ముక్కలు వేసి ఇచ్చింది. పళ్ళ కింద అవి కీచుకీచుమంటుంటే మాట్లాడే అవసరం కూడా ఉండదు. తర్వాత బూట్లకు నీలం సంచులు తొడిగి, మా తలలకూ వలలు కట్టి, వెనక షెడ్‌కు తీసుకెళ్ళింది. ఉర్పో ఆ వలలో పొలంలో నిలబెట్టిన దిష్టిబొమ్మలా ఉన్నాడు. నేనెలా ఉన్నానో ఎవరూ చెప్పలేదు.

గోడకు పెట్టె ఉంది. పక్కనే ప్లాస్టిక్ తొడుగు వేసిన ఒక కాగితం. ఉర్పో రాసిన నలభై వరుసలే! ఆయన కళ్ళు మెరిశాయి. దగ్గరికి వెళ్ళాక ఆ మెరుపు ఆరిపోయింది. తొడుగు మీద చెరగని సిరాతో అడుగడుగునా కొట్టివేతలు, బాణాలు, మార్జిన్లలో సన్నటి చేతిరాత. మొత్తం పంతొమ్మిది దిద్దుబాట్లు. నేను లెక్కపెట్టాను.

"మూడోది చూడు" అంది ఔనె గారు. 'ఆకుపచ్చ' కొట్టేసి 'ఎరుపు' అని, దాని కింద రెండు గీతలు.

"లేదండీ, ఆకుపచ్చే" అన్నాడు ఉర్పో.

"ఎరుపు నాయనా."

"రెండు దీపాలూ ఆకుపచ్చేగా!"

ఇద్దరూ నావైపు తిరిగారు. నేను చూశాను. పై దీపం ఆకుపచ్చ, కింది దీపం పండుమిరపకాయంత ఎరుపు. పదిహేడేళ్ళ స్నేహం ఒకపక్క, ఆవిడ పెట్టిన జున్ను ఒకపక్క. నిజం చెప్పేశాను.

ఉర్పో పెట్టె దగ్గరికి వంగి, కళ్ళద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. "సైన్యంలో చేరినప్పుడు డాక్టరు ఏదో అన్నాడు, రంగుల గురించి. కొంచెమే అన్నాడు" అని గొణిగాడు. నాకు అప్పుడు వెలిగింది. క్రిస్మస్ విందుకు ఆయన బూడిదరంగు అనుకుని గులాబీరంగు స్వెట్టర్ వేసుకొస్తే, మేమంతా అదేదో ధైర్యమనుకుని మెచ్చుకున్నాం.

"మొదటి వారం ఏమైందో తెలుసా?" ఔనె గారు నడుం మీద చేతులు పెట్టుకుంది. "పొద్దున్నే ఏడింటికి ఇక్కడ నిలబడ్డా. ఆకుపచ్చ దీపం ఆరితే కార్డు తీద్దామని. తొమ్మిదయింది. కుర్చీ తెచ్చుకున్నా. పదయింది. అల్లిక తెచ్చుకున్నా. మేజోడు మడమ దాకా వచ్చింది గానీ దీపం ఆరదే! అది కరెంటు దీపమాయె, ఎట్లా ఆరుతుంది? మధ్యాహ్నం మా ఆయనొచ్చి ఏం చేస్తున్నావే అన్నాడు. కాగితంలో రాసినట్టు చేస్తున్నానన్నా. ఆయన వైరు పట్టుకుని పీకేశాడు. అప్పుడారింది. దాంతోపాటు వారం రోజుల రాత కూడా ఎగిరిపోయింది. పైనించి వచ్చిన ఇన్‌స్పెక్టరు నన్ను చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టాడు."

"మరి నాకొక ఉత్తరం రాయకపోయారా? కింద నా పేరూ అడ్రసూ ఉన్నాయి కదండీ" అన్నాడు ఉర్పో. ఏడుపొక్కటే తక్కువ.

"ఉన్నాయి. రాద్దామనే అనుకున్నా. మా అమ్మాయి చూసి, ఉర్పో అన్నది పేరు కాదమ్మా, హెచ్చరిక అంది."

నేను షెడ్ బయటికి వెళ్ళి, మంచులో నిలబడి నవ్వుకుని మళ్ళీ లోపలికి వచ్చాను. అప్పటికి ఇద్దరూ కాగితం ముందు చెరోపక్క నిలబడి ఉన్నారు. ఉర్పో వేలు పదకొండో దిద్దుబాటు మీదుంది.

"ఇక్కడ 'చంక' అని ఉంది. ఏంటండీ ఇది?"

"చలి మైనస్ ఇరవై దాటితే కార్డు మొరాయిస్తుంది. అయిదు నిమిషాలు చంకలో పెట్టుకుని తర్వాత దూర్చాలి. ఇరవై రెండేళ్ళ నించి అట్లాగే చేస్తున్నా."

ఉర్పో ఆవిడకేసి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. జీవితమంతా ఎవరూ చదవని కాగితాలు రాస్తూ వచ్చిన మనిషి. ఒక్క మనిషి చదివింది. చదవటమేమిటి, ఇరవై రెండేళ్ళు రోజూ చదివి, ఒక్కో తప్పూ వెతికి పట్టుకుంది.

"ఔనె గారూ, ఇవన్నీ నేను రాసుకోవచ్చా?" అన్నాడు.

"వద్దు. నేను చెబుతా, నువ్వు రాయి. సొంత కవిత్వం కలపకు."

వంటింట్లో బల్ల దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆవిడ చెబుతుంది, ఉర్పో రాస్తాడు, ఆవిడ చదివించుకుంటుంది, కొట్టేయిస్తుంది. హెడ్విగ్ పక్కన ఈవిడను పెడితే హెడ్విగ్ దయామయి. 'ఎర్ర దీపం ఆరేదాకా' అని ఉర్పో రాస్తే ఔనె గారు తల అడ్డంగా ఊపింది.

"రంగెందుకు? మళ్ళీ నీలాంటివాడెవడైనా చదివితే? 'కింది దీపం' అని రాయి. కింద ఏదో పైన ఏదో తెలియనివాడు జున్ను చెయ్యకూడదు."

ఉర్పో అలాగే రాశాడు. చివర్న పద్ధతి ప్రకారం పరికరం ముందు సరిచూసినవాళ్ళ పేరు వెయ్యాలన్నాడు. ఆవిడ అనుమానంగా చూసింది.

"నా పేరు వేస్తే ఎవరైనా జున్ను కోసం ఫోను చేస్తారా?"

"చెయ్యరనుకుంటానండీ."

"అయితే వెయ్యి."

ఎనిమిదో కూర్పు సోమవారం వెళ్ళింది. కింది దీపం సంగతి హెడ్విగ్ ఒక్క మాట అనకుండా ఒప్పుకుంది. గొడవంతా చంక దగ్గర వచ్చింది. "ఈ పత్రాల్లో ఇంతవరకు ఎక్కడా ఈ మాట వాడలేదు. 'శరీర ఉష్ణోగ్రతకు తేవాలి' అందామా?" అని అడిగింది. ఉర్పో కుహ్మోకు ఫోను చేశాడు, ఈసారి కాగితం లేకుండానే.

"శరీరమంటే ఎక్కడ? ఎవడో ఒకడు నోట్లో పెట్టుకుంటాడు. చంక అనే ఉండాలి" అంది ఔనె గారు. ఉర్పో ఆ మాటలు ఉన్నవున్నట్టు జాబితాలో పెట్టాడు.

ఇక చూడండి. ఎప్పుడూ పలకనివాళ్ళంతా పలికారు. కెనడావాడొకడు జేబు సరిపోదా అన్నాడు. బ్రెజిల్ నుంచి ఒకతను వేడిదేశాలవాళ్ళకు ఈ పేరా వర్తించదని స్పష్టం చేయమన్నాడు. ఒక మేధావి ఇది హిల్ల ఒక్కదానికే ఎందుకు, అన్ని రకాల కార్డులకూ కలిపి చంక మీద ఉమ్మడి అధ్యాయం ఒకటి ఉండాలని ప్రతిపాదించాడు. దానికి సమర్థకులు కూడా బయలుదేరారు. కుడిదా ఎడమదా అని ఎవరో వేళాకోళానికి అడిగితే, ఔనె గారి జవాబు ఉర్పో ద్వారా గంటలో వచ్చింది: "ఎడమ. కుడిచేత్తో తలుపు తియ్యాలి." మూడు రోజుల్లో నలభై ఆరు ఉత్తరాలు.

నలభై ఏడోది లాత్వియా సముద్రతీరం నుంచి వచ్చింది. ఒక చేపల పొగగది యజమాని రాశాడు: "మా దగ్గర ఇలాంటి పెట్టెలు ఆరున్నాయి. చలికాలంలో కార్డులు ఎందుకు మొరాయిస్తున్నాయో మాకు ఇన్నేళ్ళూ తెలియలేదు. ఇవాళ పొద్దున చంకలో పెట్టి చూశాం. పనిచేసింది. దయచేసి తీసేయకండి."

హెడ్విగ్ మర్నాడు పదకొండో కూర్పును ఒప్పుకుంది. చంక చంకగానే ఉండిపోయింది. తీసేయాలన్న ప్రతిపాదన వెనక్కి తీసుకుంది. కింద ఒక వరుస కలిపింది: "ఇంకా రెండు వందల పది పాత పత్రాలున్నాయి. మీకు తీరిక ఉందా?"

ఉర్పో ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్ళాడు. సిర్కు చదివి, "ఉద్యోగమిచ్చిందా, శిక్ష వేసిందా?" అందట.

తీరిక చేసుకున్నాడు. ఇప్పుడు ఆయన పద్ధతి మారింది. ఏ పాత డ్రైవరు పత్రం చేతికొచ్చినా ముందు కోడు చదవడు, ఆ పరికరం ఎవరింట్లో ఉందో వెతికి ఫోను చేస్తాడు. ఐస్‌లాండులో ఒక వాతావరణ కేంద్రంవాళ్ళతో, బెల్జియంలో ఒక చర్చి గంటలు మోగించే ఆయనతో గంటలకొద్దీ మాట్లాడుతుంటే విన్నాను. ఎవరితోనైనా మొదటి ప్రశ్న ఒకటే: "మీ గోడ మీద కాగితం ఏమైనా ఉందా? దాని మీద పెన్నుతో ఏమైనా రాశారా?" ఉందని అవతలివాళ్ళు చెబితే ఆయన వీపు దానంతటదే నిటారుగా అవుతుంది. ఇద్దరు ముగ్గురు ఆయన పేరు విని నవ్వారు కూడా. "అవునండీ, హెచ్చరికే" అంటాడు.

శరత్కాలంలో ఔనె గారి పాత పెట్టె నిజంగానే చచ్చిపోయింది. వాళ్ళమ్మాయి కొత్త మిషను తెప్పించింది. వేలితో ముడితే పలికే తెర, రెండు వందల పన్నెండు పేజీల పుస్తకం. అది బిగించిన రోజు మధ్యాహ్నం ఉర్పో ఫోను మోగింది. గదంతా వినబడేంత గట్టిగా ఉంది ఆవిడ గొంతు.

"ఉర్పో, తొమ్మిదో పేజీ తప్పు!"

"అది నేను రాయలేదండీ ఔనె గారూ."

"తెలుసయ్యా. రాసినవాడి పేరు ఎక్కడా లేదు. ఎవణ్ణి తిట్టాలో తెలియక నీకు చేశా. పెన్ను ఉందా? రాసుకో."

ఉర్పో పెన్ను తీశాడు.